క్యాంపు నుంచి రేపల్లెకి: రైలు దారి, ఎడ్ల దారి

గంగావతి నుంచి సింధనూరు వైపు బస్సెక్కితే దారి పొడుగునా క్యాంపులే. ఫలానా వారి క్యాంపు, ఫలానా ఊరి క్యాంపు. కొన్నిటికి మొదట వచ్చిన పెద్దమనిషి పేరు, కొన్నిటికి పక్కనున్న కన్నడ ఊరి పేరు. డెబ్బై ఏళ్ళయింది. రామాలయాలు కట్టాం, రైసుమిల్లులు కట్టాం, మూడో తరం పిల్లలు బెంగళూరు వెళ్ళి ఉద్యోగాలు చేస్తున్నారు. అయినా పేరులో మాత్రం క్యాంపు అలాగే ఉంది, ఇంకా గుడారాలు ఎత్తనట్టు. బడిలో మమ్మల్ని "క్యాంపినవరు" అనేవాళ్ళు. అది తిట్టు కాదు, గుర్తు అంతే. ఎక్కడి నుంచో వచ్చి దిగినవాళ్ళు అని.

సింధనూరు తాలూకాలో క్యాంపులు మనవి మాత్రమే కాదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి ప్రభుత్వం ఇచ్చిన ఆర్.హెచ్. క్యాంపులు కూడా అక్కడే ఉన్నాయి. వాళ్ళు ప్రాణాలు దక్కించుకుని వచ్చారు. మనం భూమి కొనుక్కుని వచ్చాం. మాట మాత్రం ఒక్కటే.

ఆ మాట ఎలా వచ్చిందని పెద్దవాళ్ళని అడిగితే, డ్యామ్ పనివాళ్ళ గుడారాలని అందరూ క్యాంపులు అనేవాళ్ళు, తర్వాత మనం వేసుకున్న పాకల్ని కూడా అలాగే అన్నారు అని చెప్తారు. డ్యామ్ కథ తెలిసిందే అయినా నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. తుంగభద్ర ఒడ్డున ఒకవైపు నిజాం రాజ్యం, ఇంకోవైపు మద్రాసు రాజధాని. ఇద్దరూ కలిసి 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు, ఎవరి ఒడ్డున వాళ్ళు. కట్టడం పూర్తయ్యేసరికి నిజాం రాజ్యం లేదు, మద్రాసు రాజధాని చీలిపోతోంది. 1953లో కాలువలకి నీళ్ళు వదిలారు. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, మిగతాది మైసూరుకి పోయింది. గంగావతి, సింధనూరు ఉన్న రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. అంటే మన తాతలు వచ్చింది మైసూరుకి కాదు, హైదరాబాదుకి. అందుకే మా ఇంట్లో ఉన్న మొదటి భూమి కాగితం ఉర్దూలో ఉంది.

ఆ కాగితం ఇంట్లో ఎవరూ చదవలేరు. మాకు బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాం, అక్షరాలు అక్కచెల్లెళ్ళు కాబట్టి పెద్ద కష్టం కాలేదు. ఉర్దూకి మాత్రం రాయచూరులో ఒక పాత మున్షీ గారిని పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన చదివి చెప్పింది ఫసలీ 1365. హైదరాబాదు ఫసలీకి 590 కలిపితే 1955. ఇంట్లో అందరూ చెప్పేది మాత్రం "నీళ్ళు వదిలిన ఏడే వచ్చాం" అని. రెండేళ్ళ తేడా. పెద్ద విషయం కాదనుకోవచ్చు. కానీ మా ఇద్దరిలో ఒకరు సాఫ్ట్‌వేర్ టెస్టర్. చెప్పిన దానికీ ఉన్న దానికీ మధ్య తేడా కనిపిస్తే వదిలిపెట్టకపోవడమే ఉద్యోగం. ఒకచోట తేడా ఉంటే ఇంకా ఎక్కడెక్కడ ఉందో చూద్దాం అనుకున్నాం.

ఇంకోచోట దొరికింది. తాతయ్య ఎలా వచ్చాడు అన్నదానికి ఇంట్లో రెండు కథలు ఉన్నాయి. పెదనాన్న గారి కథలో తాతయ్య ఒంగోలు ఎడ్లని బండికి కట్టుకుని, నల్లమల దాటి, నెలరోజులు ప్రయాణం చేసి వచ్చాడు. పెళ్ళిళ్ళలో, పండగల్లో చెప్పేది ఇదే. నాయనమ్మ మాత్రం బతికున్నంత కాలం "గుంతకల్లులో రైలు మారాం, నాకు జ్వరం" అనేది. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

అందుకని 2025 సంక్రాంతికి రేపల్లె వైపు మోటారు సైకిళ్ళ మీద వెళ్ళాం. మేమిద్దరం, అంటే అన్నదమ్ముల పిల్లలం. ఒక హిమాలయన్, ఒక ఎక్స్‌పల్స్. రెండూ మట్టిదారికి పనికొచ్చే బళ్ళే. (తాతయ్య కొన్న మైసూరు యెజ్డీ ఇంకా కొట్టంలో ఉంది. దాన్ని తీసుకెళ్ళాలని చిన్నవాడికి భలే కోరిక. ఆ బండికి ఏడు వందల కిలోమీటర్లంటే మాకు ధైర్యం చాల్లేదు.) రెండు చిన్న గుడారాలు, చాపలు, ఒక గ్యాసు పొయ్యి, బియ్యం, కందిపొడి, పంక్చరు సామాను. లాడ్జీలో దిగకూడదని నియమం పెట్టుకున్నాం. బండి తోలుకుని వచ్చినవాళ్ళు ఎక్కడ ఆగి ఉంటారో మనమూ అలాంటి చోటే ఆగితే ఏమైనా తెలుస్తుందేమో అని.

మునిరాబాదులో డ్యామ్ దగ్గర మొదలుపెట్టాం. 33 గేట్లు ఉన్నాయి. అందులో 19వ గేటు 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారం మన క్యాంపుల్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. పారే నీళ్ళలోనే కన్నయ్య నాయుడు గారి బృందం స్టాప్‌లాగ్ గేటు దించింది. అది దిగినప్పుడు పటాకులు కాల్చిన ఊళ్ళు ఉన్నాయి. 1953లో 133 టీఎంసీలు పట్టిన రిజర్వాయరు పూడిక వల్ల ఇప్పుడు 105 దాకానే పడుతుంది. మన తాతలు భూమి కొన్నది ఆ 133ని చూసి.

ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. కాలువ కట్ట మీద ఇన్‌స్పెక్షన్ దారి ఉంటుంది. గ్యాంగ్‌మన్లతో మాట్లాడి వీలైనంత మేర దాని మీదే వెళ్ళాం. చూడ్డానికి చదునుగా ఉంటుంది గానీ కాలువ ఊట దిగినచోట నల్లరేగడి జిగురులా అవుతుంది. చక్రం, మడ్‌గార్డు మధ్య మట్టి ఇరుక్కుని బండి తనంతట తనే నిలబడిపోతుంది. కర్రతో గోకడం, పది గజాలు తోయడం, మళ్ళీ గోకడం. ఒక కిలోమీటరుకి గంటన్నర పట్టింది. ఇదే మట్టిలో పొలాలు చదును చేసి మళ్ళు కట్టారంటే ఆ ఎడ్లకి దండం పెట్టాలి.

మన వాళ్ళు ఎందుకు వచ్చారన్నది ఆ కట్ట మీద నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టినప్పటి నుంచీ కృష్ణా డెల్టాలో వరి పండుతోంది. నూరేళ్ళలో భూమి ధర పెరిగింది, పంపకాలతో కమతాలు చిన్నవయ్యాయి. నలుగురు అన్నదమ్ములకి నాలుగెకరాలు. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాల మెట్ట భూమి వచ్చేది. ఇక్కడి రైతులకి జొన్న, పత్తి తెలుసు. నీళ్ళు పెట్టి వరి పండించడం కొత్త, దానికి పెట్టుబడి కూడా లేదు. అమ్మారు. మనం కొన్నాం.

కానీ ప్రాజెక్టు వేసిన ఇంజనీర్లు అనుకున్నది వరి కాదు. నీళ్ళని ఎక్కువ ఊళ్ళకి పలచగా పంచాలని, జొన్న, పత్తి, వేరుశనగ లాంటి పంటలకి రెండు మూడు తడులు ఇవ్వాలని లెక్క. వరికి పెట్టిన వాటా చిన్నది. కాలువ తలదగ్గర మనం వరి వేశాం, తర్వాత చుట్టుపక్కల కన్నడ రైతులూ వేశారు, గంగావతిని వరి కణజం అన్నారు, సోనామసూరికి పేరొచ్చింది. కాలువ చివర మాన్వి, రాయచూరు వైపు నీళ్ళు అందక ప్రతి ఏడూ గొడవే. మన ఇళ్ళల్లో చరిత్ర చెప్పుకునేటప్పుడు మొదటి సగం గట్టిగా చెప్పుకుంటాం, రెండో సగం దగ్గర గొంతు తగ్గిస్తాం.

రెండో రాత్రి మాన్వి దాటాక ఒక ఉపకాలువ పక్కన గుడారం వేశాం. కాలువలో చీలమండ లోతు నీళ్ళు. పొలం ఆయన బ్యాటరీ లైటు వేసుకుని వచ్చి మమ్మల్ని, బళ్ళ మీద నంబర్లని చూసి "క్యాంపినవ్రా?" అన్నాడు. అవునన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కూర్చుని, మీ తూము దగ్గర ఎంత లోతు ఉంటుంది అని అడిగాడు. చెప్పాం. ఆయన నవ్వి ఊరుకున్నాడు. వాళ్ళ భాషలో తూబు, మన భాషలో తూము. మాట ఒకటే, అందులోంచి పారేదే వేరు. పొద్దున్నే జొన్నరొట్టె, శెనగపప్పు చట్నీ పంపించాడు.

మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటి, మర్నాడు సుంకేసుల చేరాం. కర్నూలు కడప కాలువ మొదలయ్యేది అక్కడే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ లాభం కోసం తవ్విన కాలువ అది. రైతులు అనుకున్నంతగా నీళ్ళు కొనలేదు, కంపెనీ నష్టపోయింది, చివరికి 1882లో ప్రభుత్వమే తీసుకుంది. నీళ్ళు ఇస్తామన్నా తీసుకోని రైతులూ, నీళ్ళ కోసం జిల్లాలు దాటిన రైతులూ ఒకే నది మీద ఉన్నారు.

నంద్యాల దాటాక గాజులపల్లె నుంచి నల్లమల మొదలు. అది పులుల అడవి, లోపల గుడారం వేయడానికి వీల్లేదు, దారి వదిలి బండి నడపడానికీ లేదు. మేం చూడాలనుకున్నది పాత మీటర్ గేజి రైలు దారి. 1880ల్లో సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు నుంచి బెజవాడ వైపు ఈ కొండల మధ్య లైను వేసింది. బొగద దగ్గర సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన. బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైను పక్కకి జరిగింది, పాత వంతెన స్తంభాలు మాత్రం అడవిలో నిలబడి ఉన్నాయి. బళ్ళు ఆపి నడిచి వెళ్ళి చూశాం. నాయనమ్మ జ్వరంతో ఈ వంతెన మీదుగా వెళ్ళింది, నిద్రలో ఉంటే చూసి కూడా ఉండదు. గుంటూరులో ఎక్కి, గుంతకల్లులో మారి, బళ్ళారి మీదుగా హొసపేటలో దిగడం, అక్కడి నుంచి బస్సు. గంగావతికి రైలు 2019 దాకా రాలేదు మరి.

చీకటి పడేలోపు గిద్దలూరు దిగాం. తర్వాతి రాత్రి కంభం చెరువు దగ్గర. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర కాలంలో వేసిన కట్ట, ఇప్పటికీ పొలాలకి నీళ్ళిస్తోంది. కట్ట కింద ఒక రైతు పొలంలో చోటిచ్చాడు. అక్కడ అన్నం వండుకుంటూ ఒక సంగతి గమనించాం. మేం ఆగిన ప్రతిచోటా మూడు ఉన్నాయి: నీళ్ళు, చదును నేల, పక్కన అడగడానికి ఒక మనిషి. ఎడ్లబండికి కావాల్సినవీ ఇవే, దానికి అదనంగా గడ్డి.

దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. వినుకొండ దాటాక వీలైనచోటల్లా తారు రోడ్డు వదిలి డొంకల్లో వెళ్ళాం. పొలాల మధ్య బండి బాటని గుంటూరు వైపు డొంక అంటారు. మా ఇంట్లో ఆ మాట బతికే ఉంది గానీ మా క్యాంపులో డొంకలు లేవు, అన్నీ కాలువ కట్టలే. రెండు పంక్చర్లు, రెండూ సర్కారు తుమ్మ ముళ్ళతోనే. ఆ చెట్టుని మా వైపు బళ్ళారి జాలి అంటారు. ఎవరి ఊరి మీదకి నెడితే ఏం, ముల్లు ఒకటే. భోగి ముందు రోజు రేపల్లె దగ్గరి ఊరు చేరాం.

అక్కడ తాతయ్య చెల్లెలు ఉంది. తొంభైకి దగ్గర. చెవులు కాస్త మందం, జ్ఞాపకం మాత్రం పదును. మేం వచ్చిన దారంతా చెప్పి, తాతయ్య బండి తోలుకుని వచ్చిన దారి చూడాలని వచ్చామన్నాం. ఆమె నవ్వింది.

"మీ తాత నడిచాడా? ఎవురు చెప్పార్రా మీకు? ఆయన మీ నాయనమ్మని తీసుకుని రైలెక్కి పోయాడు. ఎడ్లని నడిపించుకు పోయింది మన పాలేర్లు ఇద్దరు. వేసవిలో బయల్దేరారు. నంద్యాల, ఆదోని మీదుగా పోయారని తర్వాత కార్డు ముక్క వచ్చింది."

ఇద్దరు పాలేర్లు. వాళ్ళ పేర్లు కూడా చెప్పింది. మా వంశవృక్షంలో ఏడు తరాలు ఉన్నాయి, పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఆడపిల్లల ఇంటిపేర్లతో సహా. ఆ ఇద్దరూ లేరు. ఉర్దూ కాగితంలో కూడా లేరు, భూమి కొన్నది వాళ్ళు కాదు కాబట్టి. రెండేళ్ళ తేడా సంగతి కూడా ఆమే తేల్చింది: 1953లో తాతయ్య ఒక్కడే వచ్చి చూసి వెళ్ళాడు, 1955లో కొన్నాడు, ఎడ్లు వచ్చింది ఆ తర్వాత వేసవిలో.

పండగ మూడు రోజులూ ఉన్నాం. ఊళ్ళో పొలాలు చూస్తుంటే చుట్టాలు చెప్పిన మాట కూడా రాయాలి: రేపల్లె వైపు కృష్ణ కాలువల చివర, నీళ్ళు ఆలస్యంగా వస్తాయి, పైవాళ్ళు వాడుకుని వదిలితేనే అట. మాన్వి రైతు గుర్తొచ్చాడు. తుంగభద్ర కృష్ణలోనే కలుస్తుంది. మన వాళ్ళు ఒక నది చివరి నుంచి లేచి, దాని ఉపనది కాలువ మొదట్లో కూర్చున్నారు.

తిరుగు ప్రయాణం ఎడ్ల దారినే. గిద్దలూరు నుంచి నంద్యాలకి ఎక్కే నందికనుమ, కోస్తాకీ బళ్ళారి సీమకీ మధ్య బళ్ళు నడిచిన పాత దారి. ఇప్పుడు నల్లటి తారు, లారీలు. రోజుకి పాతిక కిలోమీటర్లు లెక్కేసినా రేపల్లె నుంచి గంగావతికి నెల దగ్గర పడుతుంది. నంద్యాల నుంచి బేతంచెర్ల, డోన్, పత్తికొండ. 1827 జులై 6న థామస్ మన్రో కలరాతో చనిపోయింది పత్తికొండలోనే. ఆయన జ్ఞాపకంగా ప్రభుత్వం అక్కడ మెట్ల బావి తవ్వించి తోపు వేయించింది. గవర్నరు పేరున తవ్విన బావిలో ఎన్ని వేల ఎడ్లు నీళ్ళు తాగి ఉంటాయో ఎవరూ లెక్క రాయలేదు. మా ఎడ్లు తాగాయో లేదో కూడా చెప్పలేం, కానీ మెట్టసీమలో వేసవిలో బండి తోలేవాడు తెలిసిన బావిని వదిలి వెళ్ళడు.

ఆదోని, సిరుగుప్ప, తుంగభద్ర దాటి ఇంటికి. వచ్చిన మర్నాడే ఊరి చివరి వీధికి వెళ్ళాం. ఆ ఇద్దరిలో ఒకాయన ఎడ్లని అప్పజెప్పి రేపల్లె వెళ్ళిపోయాడట. రెండో ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ఆయన మనవడు ట్రాక్టరు నడుపుతాడు, మాతోపాటే కన్నడ బడిలో చదివాడు, మేం చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. అడిగితే, కొత్త సంగతేమీ కానట్టు చెప్పాడు.

"అవును, మా తాతే తోలుకొచ్చాడు. నంద్యాలలో లాడాలు మార్పించారంట. కొండ దిగాక ఒక ఎద్దు కుంటింది, నాలుగు రోజులు ఆగారు. సిరుగుప్ప దగ్గర ఏట్లో మోకాలి లోతు నీళ్ళే, బండి దాటించారు. మా ఇంట్లో అందరికీ తెలుసు. మీరెప్పుడూ అడగలేదు."

లాడం, కుంటిన ఎద్దు, నాలుగు రోజులు, మోకాలి లోతు నీళ్ళు. పెదనాన్న గారు పెళ్ళిళ్ళలో చెప్పే కథలో ఇవన్నీ ఉన్నాయి. నడిచిన మనిషి మాత్రం మారాడు. బహుశా రాత్రిళ్ళు కొట్టంలో ఆ పాలేరు చెప్పిన కథే మా ఇంటి పిల్లలు విని, తర్వాత తాతయ్యకి అంటగట్టి ఉంటారు. కావాలని చేశారని మేం అనుకోవడం లేదు. ఇంటి కథలు యజమాని వైపే జారతాయి.

ఈ ఇద్దరి పేర్లూ మన చరిత్ర పేజీలో చేర్చాలని ప్రతిపాదించాం. ఇక్కడున్న ఇంటివాళ్ళు సరేనన్నారు. రేపల్లె వెళ్ళిన ఆయన వారసుల ఆచూకీ ఇంకా దొరకలేదు, దొరికాకే పేరు రాస్తాం. మన పెద్దల్లో ఒకరిద్దరు ఒప్పుకోలేదు. వంశవృక్షంలో రక్తసంబంధమే ఉండాలి కదా అన్నారు. వంశవృక్షంలో వద్దు, వలస ఎలా జరిగిందన్న పేజీలో పెడదాం అన్నాం. పెదనాన్న గారు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే ఆ వీధికి వెళ్ళి గంటసేపు కూర్చుని వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

మిగతా క్యాంపుల వాళ్ళకి ఒక మాట. మీ ఇంట్లో కూడా ఎడ్లు, బళ్ళు వచ్చిన కథ ఉంటే, తోలినవాళ్ళు ఎవరో ఒకసారి అడిగి రాసి పంపండి. కంభానికీ నంద్యాలకీ మధ్య ఎక్కడెక్కడ ఆగేవాళ్ళో తెలిసినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. ఆ ముక్క మాకు ఇంకా దొరకలేదు. వచ్చే జనవరిలో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి మూడో బండి మీద ట్రాక్టరు మనవడు కూడా వస్తానన్నాడు, ఆ యెజ్డీ బాగుచేయించి ఇస్తే.